బాప్తిస్మం పుచ్చుకున్న తాళం

"జేబులు ఖాళీ చెయ్యండర్రా!" అని ఆ ఉదయం నాగాయలంక రేవులో గొంతు చించుకున్నది ఎవరో కాదు, ఆనందరావే. బాప్తిస్మానికి వచ్చినవాళ్ళ సెల్‌ఫోన్లు, పర్సులు, వాచీలు, ఆఖరికి ఒక పెద్దాయన పొడుం డబ్బీతో సహా అన్నీ తువ్వాల్లో మూట కట్టించి, గట్టు మీద కూర్చున్న భార్య దేవమ్మ ఒళ్ళో పెట్టించాడు. సంఘ పెద్ద అన్నాక ఆ మాత్రం అజమాయిషీ ఉండాలి కదా! "నీళ్ళలోకి దిగేటప్పుడు ఒంటి మీద బట్ట, లోపల విశ్వాసం, ఈ రెండే ఉండాలి," అని కూడా అన్నాడు. అంత చెప్పిన మనిషి తన ప్యాంటు జేబు మాత్రం తడుముకోలేదు. చెప్పేవాళ్ళతో ఎప్పుడూ ఇదే తంటా.

నిజానికి ఆయన నీళ్ళలోకి దిగాల్సిన పనే లేదు. ముంచేది పాస్టరు ప్రేమ్ సాగర్ గారు. ఆయన మాట గట్టిదే గానీ మనిషి బక్కపలచన. బాప్తిస్మం తీసుకునే వాళ్ళలో ఆఖరున వచ్చినవాడు రాజేష్. రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, ఆరడుగుల పొడుగు, దానికి తగ్గ ఒళ్ళు. పాస్టరు గారు అతన్ని ముంచడం వరకూ బాగానే ముంచారు. లేపడం ఆయన వల్ల కాలేదు. "ఆనందరావు గారూ!" అని ఒకే ఒక్క కేక పెట్టారు. ఆనందరావు చెప్పులైనా విప్పకుండా నడుం లోతు నీళ్ళలోకి దూకాడు. చెరో రెక్కా పట్టుకుని లాగితే, రాజేష్ కాలు జారి, పూర్తి బరువుతో వచ్చి ఆనందరావు తుంటి మీద పడ్డాడు. ఎలాగైతేనేం ముగ్గురూ నిలబడ్డారు. గట్టు మీద అందరూ హల్లెలూయ అన్నారు. ఆనందరావూ అందుకున్నాడు. అంటూ అంటూ జేబు దగ్గర ఏదో గుచ్చుకుంటోందని చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆయన హల్లెలూయ సగంలో ఆగిపోయింది.

జేబులో కారు తాళం ఉంది.

తాళమంటే వట్టి ఇనప ముక్క అయితే గుడ్డ పెట్టి తుడుచుకునేవాడు. దీని వెనకాల నల్లటి రిమోటు ఒకటి ఏడ్చింది. బొత్తాం నొక్కితే కారు కుయ్ మని, లైట్లు ఆర్పి వెలిగించి తలుపులు తెరుస్తుంది. పైగా ఆ రిమోటు లోపలి బోర్డుని గుర్తుపడితే తప్ప ఇంజను పలకదు. ఆనందరావు తడి బట్టలతోనే ఎవరి కంటా పడకుండా కారు దగ్గరికి చేరి బొత్తాం నొక్కాడు. కుయ్ లేదు, కయ్ లేదు. ఇనప ముక్కతో తలుపు తీసి, లోపల కూర్చుని తాళం తిప్పాడు. మీటరు మీద ఎర్ర దీపం ఒకటి టపటపా కొట్టుకుంది గానీ ఇంజను ఉలకలేదు. ఆనందరావు గుండె ఆ దీపం కంటే వేగంగా కొట్టుకుంది. కొంప మునిగింది అనుకున్నాడు.

మరి మునగదా! ఆయన పెట్టుకున్న పందెం అలాంటిది.

ఆనందరావు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు నడిపింది వేరేవాళ్ళు. ఈయన వెనక నిలబడి ఈల వేశాడు, రైట్ రైట్ అన్నాడు, చిల్లర కోసం జనంతో పోట్లాడాడు. ఒక్కసారి ఆ స్టీరింగు పట్టుకోవాలని ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారని భయం. రిటైరయ్యాక, పోయిన ఏడు చర్చిలో కోత పండగ దాటిన కొద్ది రోజులకి, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఇక ఆ స్టీరింగు మీద ఈగని కూడా వాలనివ్వలేదు. ముఖ్యంగా దేవమ్మని వాలనివ్వలేదు. దేవమ్మ మాత్రం తక్కువదా? సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, ఎంతమంది మొండివాళ్ళకి సూదులు పొడిచి ఉంటుంది! గుడివాడలో చెల్లెలింట్లో ఉండి డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుని హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంది. "ఒక్కసారి తాళం ఇవ్వండి," అని ఎప్పుడడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"ముందు ఆ రెండో తాళం ఏం చేశావో చెప్పు."

కారుతో పాటు రెండు తాళాలు వచ్చాయి. రెండోది నీకే దాచమని ఇచ్చానంటాడు ఆయన. నా చేతికిస్తే కదా అంటుంది ఆవిడ. దాంతో పాటు, ఆయన రిటైరైన రోజున ఇంటికి తెచ్చుకున్న ఈల కూడా మాయమైంది. ఆ నేరమూ దేవమ్మ నెత్తినే పడింది. ఈ రగడ పెరిగి పెరిగి, పోయిన నెల ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆనందరావు అందరి ముందూ నోరు జారాడు. "తాళం జాగ్రత్త చేసుకోలేనోళ్ళకి కారు ముట్టుకునే అర్హత లేదు. రేపు నేను పోగొట్టినా, పాడుచేసినా ఇదే మాట. స్టీరింగు దేవమ్మకిచ్చి పక్క సీట్లో కూర్చుంటా!" అన్నాడు. ప్రేమ్ సాగర్ గారు నవ్వుతూ, "ఆమెన్," అన్నారు. దేవమ్మ నవ్వలేదు. ఆ మాట గుర్తు పెట్టుకుంది.

అదీ సంగతి. ఇప్పుడు ఈ తాళం బాగుపడకపోతే, అన్నేళ్ళు ఎదురుచూసి సంపాదించుకున్న స్టీరింగు ఊరందరి ముందూ చెయ్యి జారిపోతుంది.

తేలు కుట్టిన దొంగలా గట్టు దగ్గరికి వచ్చాడు. దేవమ్మ ఎవరి సామాన్లు వాళ్ళకి పంచేసి, ఆయన ఫోనూ పర్సూ ఆయన చేతిలో పెట్టి, ఖాళీ తువ్వాలు మడత పెడుతోంది.

"రండి, ఇంటికెళ్దాం. రేపు కోత పండగ కదా, గుప్పెడు బియ్యం కుండ దించి చర్చికి ఇచ్చేయాలి," అంది. పూటపూటా అన్నానికి ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి ప్రభువు పేరిట కుండలో వెయ్యడం వాళ్ళింట్లో ఆవిడ అత్తగారి నాటి నుంచీ ఉంది. నెలనెలా పైపైన కొలిచి ఇస్తారు, అడుగు మాత్రం కోత పండగకే ఖాళీ చేస్తారు.

"నువ్వు ఆటోలో వెళ్ళు. నాకు అవనిగడ్డలో పెద్దల మీటింగుంది," అన్నాడు ఆనందరావు.

"తడి బట్టలతోనా?"

"బస్సులో గాలికి ఆరిపోతాయిలే."

"మరి కారో?"

"చెట్టు నీడన చల్లగా ఉంది కదా, ఉండనీ."

దేవమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా ఆటో ఎక్కింది. ఏమీ అనకపోవడం చూసి ఆనందరావు బతికిపోయాననుకున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మనిషికి ఇంకా తెలివి రాలేదు.

బందరు బస్సులో కండక్టరు కుర్రాడు ఈయన్ని గుర్తుపట్టి, "ఏంటి బాబాయ్, కారులో తిరిగేవాడివి బస్సెక్కావు?" అని పలకరించాడు. "కారుకి రెస్టు," అన్నాడు ఆనందరావు. బాప్తిస్మం జరిగిన పూటే ఇన్ని అబద్ధాలేంటి దేవుడా అని లోపల చివుక్కుమంది. కానీ ఏం చేస్తాడు, మొదలుపెట్టాక కొనసాగించాలి కదా.

బందరు చిలకలపూడిలో వహీదా షాపు గురించి ఆయనకి టాక్సీ డ్రైవర్లు ఎప్పుడో చెప్పారు. ఒకే గదికి రెండు బోర్డులు. ఒక పక్క 'కారు, బైకు రిమోట్లు బాగుచేయబడును', రెండో పక్క 'రోల్డ్ గోల్డ్ గాజులు, గొలుసులు'. ఇటు పక్క బల్ల వహీదాది, అటు పక్క పూత పోసే తొట్టెలు ఆమె భర్త బాజివి. మధ్యలో తెర కూడా లేదు. ఒకరి పనిలో ఒకరు నోరు పెట్టడానికి వీలుగా ఉంచుకున్నట్టున్నారు.

వహీదా తాళాన్ని అందుకుని, గోటితో సందు చూసి రిమోటు డొప్ప రెండుగా విప్పింది. లోపల్నుంచి బొటబొటా నీళ్ళు కారి బల్ల మీద పడ్డాయి.

"ఏం నీళ్ళు బాబాయ్ గారూ ఇవి?"

"చెమటమ్మా," అన్నాడు ఆనందరావు.

వహీదా ఆయన మొహం చూసింది, కింద ఇంకా ఆరని ప్యాంటు చూసింది. బోర్డు మీద అతుక్కున్న పిసరంత నాచు ముక్కని పట్టకారుతో పైకెత్తి చూపించింది. "మీ చెమటలో నాచు కూడా పెరుగుతుందా?"

అటు పక్క నుంచి బాజి కిసుక్కున నవ్వాడు. ఆనందరావు ఇక దాచి లాభం లేదని రేవు, రాజేష్, పందెం, దేవమ్మ అన్నీ చెప్పేశాడు. చెప్పాక ఒళ్ళు తేలికైంది. వాళ్ళిద్దరూ పని ఆపి మరీ విన్నారు.

"సముద్రం పోటుకి అక్కడ ఏటి నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా," అంది వహీదా. "బ్యాటరీ లోపల ఉండగా ఉప్పు నీళ్ళు తగిలాయంటే రాగిని కొరికేస్తాయి. వెంటనే తెచ్చారు, నయం. కొందరు బియ్యం డబ్బాలో పెట్టి వారం తర్వాత తెస్తారు. అప్పటికి బోర్డంతా పచ్చగా పూసి ఉంటుంది."

ఆమె బ్యాటరీ ఊడదీసి, బోర్డుని స్పిరిట్‌లో ముంచి, పళ్ళు తోముకునే బ్రష్‌తో పసిపిల్ల తల రుద్దినంత మెల్లగా రుద్దింది. వేడి గాలి పెట్టి ఆరబెట్టింది. తర్వాత భూతద్దం కింద పెట్టి, "రండి, చూడండి," అని పిలిచింది. ఆనందరావు వంగి చూశాడు. గోరంత బోర్డు మీద సందులూ గొందులూ మలుపులూ ఉన్నాయి. బస్సు రూటు మ్యాపులా ఉందే అనుకున్నాడు.

"ఈ నల్ల డబ్బా ఉంది చూశారా, ఇది కాయిల్. ఇంజను మీ తాళాన్ని గుర్తుపట్టాలంటే ఇదే పలకాలి. దీని కాలు కింద అతుకు విరిగిపోయింది, దాని కింద రాగి గీత కూడా లేచొచ్చింది. నీళ్ళకి ఇలా విరగదు. దీని మీద ఏదో పెద్ద బరువు పడింది."

"రాజేషమ్మా," అన్నాడు ఆనందరావు దిగులుగా.

వహీదా నవ్వాపుకుని పనిలోకి దిగింది. పాత ఇయర్‌ఫోన్ తీగ ఒకటి కోసి, అందులోంచి తల వెంట్రుక లాంటి రాగి పోగు ఒకటి లాగింది. ఊపిరి బిగబట్టి, ఆ పోగుని కాయిల్ కాలుకి అతికి, తెగిన గీత చుట్టూ తిప్పి, అవతలి గీతకి తాకించింది. సన్నటి పొగ లేచింది. కరెంటు చూసే మీటరు ముళ్ళు రెండు చివర్లా ఆనిస్తే బీప్ మంది. ఆ శబ్దానికి ఆనందరావు ప్రాణం లేచొచ్చింది.

"అయిపోయిందామ్మా?"

"ఎక్కడ! బ్యాటరీ పట్టుకునే ఈ రేకు చూడండి. ఇది ఇవాళ్టి తుప్పు కాదు, ఏడాది నుంచి మీ జేబులో నానుతున్న తుప్పు. ఇది మాత్రం నిజంగా చెమటే. ఇలాంటి రేకు నా దగ్గర లేదు, విజయవాడ నుంచి రావాలి."

ఆనందరావు మొహం మాడిపోయింది. రేపు పొద్దున్న చర్చికి వెళ్ళాలి. కారు రేవులో, తాను ఆటోలో... దేవమ్మ ఊరుకుంటుందా?

బాజి లేచొచ్చి ఆ రేకుని అరచేతిలో వేసుకున్నాడు. చిన్న ముక్కుపుడక చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. "రేకు బానే ఉంది, పైన చర్మం పోయింది. తుప్పు గీకేసి, రాగి పట్టించి, పైన బంగారం పూత పోస్తే ఇక మీ చెమట కాదు కదా, సముద్రంలో వేసినా ఏం కాదు," అన్నాడు. అన్నట్టే గీకి, తీగకి కట్టి, గాజుల వరసలో గాజుగా తొట్టెలోకి దించాడు. కాసేపటికి తీసి కడిగితే రేకు ధగధగా మెరిసింది.

"చూశారా, కారు తాళానికి బంగారం చేయించారు," అంది వహీదా దాన్ని బోర్డుకి అతుకుతూ. "పిన్నిగారికి ఏం తీసుకెళ్తున్నారు?"

ఆనందరావు అటు పక్క గాజుల వరస వంక చూశాడు. నిజమే, తాళం కోసం బస్సెక్కి బందరు పరిగెత్తుకొచ్చాడు, దేవమ్మ కోసం ఈ మధ్య ఎక్కడికి పరిగెత్తాడు? సిగ్గేసింది. లేచి అటు పక్కకి వెళ్ళి, ఆవిడ చేతి కొలత గుర్తు తెచ్చుకుని, నగిషీ ఉన్న ఒక జత గాజులు ఎంచి పొట్లం కట్టించుకున్నాడు.

కొత్త బ్యాటరీ వేసి, డొప్ప మూసి, వహీదా బొత్తాం నొక్కింది. బల్ల మీద ఉన్న చిన్న పరికరంలో పచ్చ దీపం వెలిగింది. "రిమోటు పలుకుతోంది. తలుపులు తెరుస్తుంది, మూస్తుంది. ఇంజను సంగతి మాత్రం కారు దగ్గరే తేలాలి. ఏదైనా అయితే ఫోన్ చెయ్యండి," అంది.

నాగాయలంకలో బస్సు దిగేసరికి ఎండ వాలింది. ఆనందరావు ఆగకుండా రేవుకి నడిచాడు. చెట్టు కింద కారు పెట్టింది పెట్టినట్టే ఉంది. గట్టు మీద టీ బడ్డీ దగ్గర ఎవరో ముగ్గురు కూర్చున్నారు గానీ ఆయన అటు చూడనే లేదు. ప్రార్థన చేసుకుని బొత్తాం నొక్కాడు.

కుయ్! లైట్లు వెలిగాయి, తలుపులు టప్ మని తెరుచుకున్నాయి. "స్తోత్రం తండ్రీ!" అనుకుంటూ నాలుగడుగులు వేశాడో లేదో, కుయ్ కుయ్! తలుపులు మూసుకుపోయాయి.

ఆగి మళ్ళీ నొక్కాడు. తెరుచుకుంది. తలుపు మీద చెయ్యి వేసేలోపు మళ్ళీ మూసుకుంది. ఆయన తెరుస్తాడు, అది మూసుకుంటుంది. తెరుస్తాడు, మూసుకుంటుంది. పడవల వాళ్ళు వలలు సర్దడం మానేసి చోద్యం చూస్తున్నారు. ఆనందరావుకి ఒళ్ళు మండింది. బంగారం పూత పోశాక దీనికి పొగరెక్కింది అనుకుని వహీదాకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నీ రిపేరు తగలెయ్య, నేను తెరుస్తుంటే ఇది మూస్తోంది!"

"బోర్డు దానంతటది మూయదు బాబాయ్ గారూ, ఎవరో ఒకరు నొక్కాలి. మీ కారుకి రెండో తాళం ఉందా?"

"ఏడాది కిందటే మా ఆవిడ పోగొట్టేసింది."

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. పిన్నిగారు అక్కడెక్కడైనా ఉన్నారేమో."

ఆనందరావు వెనక్కి తిరిగాడు. టీ బడ్డీ బెంచీ మీద ప్రేమ్ సాగర్ గారు, రాజేష్, వాళ్ళ మధ్యలో ఒక చేత్తో టీ గ్లాసు, రెండో చేత్తో నల్లటి తాళం పట్టుకుని దేవమ్మ. ఆయన చూస్తుండగానే ఇంకోసారి నొక్కింది. కుయ్ కుయ్!

"పెద్దల మీటింగు ఎలా జరిగిందండీ?" అన్నారు పాస్టరు గారు టీ ఊదుకుంటూ. "నన్ను పిలవలేదేం?"

రాజేష్ పగలబడి నవ్వాడు. ఆనందరావు దగ్గరికి వచ్చాడు. "నీకెలా తెలిసింది?" అన్నాడు భార్యతో.

"పొద్దున్న అందరి సామాన్లూ నా ఒళ్ళోనే ఉన్నాయిగా. మీ తాళం ఒక్కటే లేదు. మీరు నీళ్ళలోకి దూకినప్పుడే అనుకున్నా," అంది దేవమ్మ. "రెండోది ఎక్కడ దొరికిందో అడగరేం?"

"ఎక్కడ?"

ఆవిడ చీర కొంగు ముడి విప్పి ఒక ఖాకీ గుడ్డ సంచీ తీసింది. చెయ్యంత కూడా లేదు. ఆయన కండక్టరు రోజుల నాటిది. "గుప్పెడు బియ్యం కుండ అడుగున ఉంది. బస్తాలోకి ఒంపితే టప్పున పడింది. నేను వేసేది పైన గుప్పెడు బియ్యం. అడుగున సంచీ పెట్టేది ఎవరంట?"

అప్పుడు గుర్తొచ్చింది ఆనందరావుకి. కారు కొన్న రోజునే ఊళ్ళో దొంగలు పడ్డారని ఎవరో అన్నారు. ఎంత దొంగైనా ప్రభువు బియ్యంలో చెయ్యి పెట్టడని, కుండలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున దాచింది తనే. దాచి, దాచిన సంగతి మరిచి, ఏడాది పొడుగునా ఆవిడ్ని దొంగని చూసినట్టు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదే దేవమ్మా. ఉత్త పుణ్యానికి నిన్ను మాటలన్నాను," అన్నాడు అందరూ వింటుండగానే. "ఇంకో మాట. తాళం వంక మాత్రమే. అన్నేళ్ళు బస్సులో వెనక నిలబడ్డాను. ముందు కూర్చునే అదృష్టం పట్టాక లేవబుద్ధి కాలేదు."

"తెలుసండీ," అంది దేవమ్మ మెత్తగా. "అందుకే ఏడాది ఊరుకున్నా. ఇక ఊరుకోను."

"ఆమెన్," అన్నారు పాస్టరు గారు.

ఆనందరావు బందరులో వహీదా చేసిన రిపేరు, బాజి పోసిన బంగారం పూత అన్నీ చెప్పి, జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాడు. దేవమ్మ విప్పి చూసి, ముక్కు మీద వేలేసుకుని, "తాళంతో పాటు మీ బుర్ర కూడా బాగుచేసిందేంటి ఆ అమ్మాయి!" అంది. అంటూనే అక్కడే గాజులు తొడుక్కుంది. కొలత సరిగ్గా సరిపోయింది.

"ఆ బంగారం తాళం ఇటివ్వండి. పనిచేస్తుందో లేదో నేనే చూస్తా."

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. ఆనందరావు చుట్టూ తిరిగి వెళ్ళి, జీవితంలో మొదటిసారి తన కారు ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. పాస్టరు గారూ రాజేషూ వెనక సర్దుకున్నారు. దేవమ్మ తాళం తిప్పింది. ఎర్ర దీపం ఒకసారి కొట్టుకుంది. ఆనందరావు కళ్ళు మూసుకున్నాడు. మరుక్షణం దీపం ఆరింది, ఇంజను హాయిగా పలికింది. కొత్త గాజులు స్టీరింగు మీద గలగల్లాడాయి.

"ఇంటికెళ్ళి బియ్యం బస్తా ఎక్కించుకుని చర్చిలో దించుదాం," అంది దేవమ్మ. గేరు వేయబోయి ఆగి, ఖాకీ సంచీ ఆయన ఒళ్ళో పడేసింది. "అందులో ఇంకోటుంది చూడండి. రెండు తాళాలూ నావి. అది మీది."

సంచీలో చెయ్యి పెడితే ఈల తగిలింది. ఆయన ఈలే. ఆనందరావు దాన్ని చొక్కాకి తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదాడు. మొదట ఒక బియ్యపు గింజ ఎగిరి అద్దానికి తగిలింది. ఆ తర్వాత రేవంతా మోగింది. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తలుపు మీద రెండు దెబ్బలు చరిచి, గొంతు నిండా అరిచాడు.

"రైట్... రైట్!"

దేవమ్మ క్లచ్ వదిలింది.